కాశీ దారిలో కలకత్తా: కుటుంబంతో ఒక పగటి మజిలీని అమర్చుకోవడం ఎలా?

నమస్కారం. ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగు కుటుంబాలు కాశీకో గయకో ప్రయాణం కడితే, దారిలో హౌరాలో బండి మారవలసిన పరిస్థితి చాలామందికి ఎదురవుతుంది. ఆ మధ్య సమయాన్ని ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకుని గడిపేయకుండా, ఇంట్లోని పెద్దలూ పిల్లలూ అలిసిపోకుండా, కలకత్తాలో ఒక పగటి మజిలీగా దానిని ఎలా మలుచుకోవాలో ఈ వీడియోలో వివరిస్తాను. నేను లెక్కలోకి తీసుకునే కుటుంబం మాలాంటిదే: మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, ఎనిమిదేళ్ళ బాబు, మేమిద్దరం, నాలుగు సంచులు, ఒక పులిహోర డబ్బా.

ముందుగా ఒక కాగితం తీసుకుని, దాని అడుగున, హౌరా నుంచి మీరు ఎక్కవలసిన రెండో బండి బయలుదేరే సమయం రాయండి. చాలామంది దిగే సమయాన్ని పైన రాసుకుని అక్కడి నుంచి కిందికి లెక్క వేసుకుంటూ వస్తారు. అలా వేస్తే రోజు చాలా పొడవుగా కనిపిస్తుంది, ఊరంతా చూసేయవచ్చనిపిస్తుంది. అడుగు నుంచి పైకి లెక్కపెడితేనే నిజం తెలుస్తుంది. ఉదాహరణకు పొద్దున ఆరు గంటలకు దిగి, రాత్రి ఎనిమిది గంటలకు మళ్ళీ ఎక్కుతామనుకుందాం. చేతిలో పద్నాలుగు గంటలు ఉన్నట్టే. అందులో మొదటి బండి ఆలస్యానికి ఒక గంట, స్నానాలకూ ఫలహారానికీ సామాను అప్పగించడానికీ రెండు గంటలు, మధ్యాహ్న భోజనానికీ కాసేపు నడుం వాల్చడానికీ గంటన్నర, సాయంత్రం బండి సమయానికి రెండు గంటల ముందే స్టేషనుకు చేరుకోవడానికి మరో రెండు గంటలు తీసివేయండి. మిగిలిన ఏడున్నర గంటలలో ఊళ్ళో ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్ళడానికే రెండున్నర గంటలు పోతాయి. చూడడానికి మిగిలేది ఐదు గంటలు. ఐదు గంటలలో రెండు చోట్లు చూడవచ్చు. మూడోది చేర్చుకోవాలని చూసినప్పుడే పిల్లవాడి ఏడుపూ పెద్దల విసుగూ మొదలవుతాయి.

ఇక టిక్కెట్టు సంగతి. రైల్వే నిబంధనల ప్రకారం ఒకే టిక్కెట్టు మీద 500 కిలోమీటర్లకు మించిన దూరం వెళ్ళేవారు దారిలో ఆగి, తరువాత ప్రయాణం కొనసాగించవచ్చు. దీనినే బ్రేక్ జర్నీ అంటారు. మొత్తం దూరం 1000 కిలోమీటర్ల లోపు అయితే ఒకసారి, అంతకు మించితే రెండుసార్లు ఆగవచ్చు. అయితే మొదటిసారి ఆగడం బయలుదేరిన చోటు నుంచి 500 కిలోమీటర్లు దాటిన తరువాతే జరగాలి. బరంపురం నుంచి హౌరా 600 కిలోమీటర్ల పైచిలుకు కనుక మనకు ఈ సౌకర్యం వర్తిస్తుంది, ఖుర్దా రోడ్డులో ఎక్కేవారికి మాత్రం హౌరాలో ఆగడం కుదరదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది కాబట్టి, విడివిడిగా రెండు టిక్కెట్లు కొనడం కంటే కాశీ వరకూ ఒకే టిక్కెట్టు తీసుకోవడం చౌక. రిజర్వేషను కౌంటరులో దరఖాస్తు ఇచ్చేటప్పుడే హౌరాలో ఆగుతామని చెప్పి, రెండు బండ్లలోనూ బెర్తులు అడగాలి. హౌరాలో దిగాక టిక్కెట్టు మీద ఆగినట్టు రాయించుకోవాలి. ఫోనులో టిక్కెట్లు తీసుకునే అలవాటున్నవారు రెండు వేరువేరు టిక్కెట్లు తీసుకుంటే సరిపోతుంది, కాకపోతే కొంత ఖర్చు ఎక్కువ. ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులే అయింది కనుక, పాత అలవాటుతో నాలుగు నెలల ముందు కౌంటరుకు వెళితే ప్రయోజనం ఉండదు.

రెండో బండిని ఎంచుకునేటప్పుడు దాని దారి కూడా చూసుకోవాలి. గయలో పిండప్రదానం ఉన్నవారు గయ మీదుగా వెళ్ళే డూన్ ఎక్స్‌ప్రెస్ వంటి బండిని పట్టుకోవాలి. విభూతి ఎక్స్‌ప్రెస్ కూడా కాశీకే వెళుతుంది కానీ పట్నా మీదుగా తిరిగి వెళుతుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. కలకత్తా అంటే హౌరా అనే మాట మనకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చేసింది. నిజానికి ఆ మహానగరానికి హౌరా, సియాల్దా, షాలిమార్, సంత్రాగాచ్చి, చిత్‌పూర్‌లోని కోల్‌కతా స్టేషను అని పెద్ద స్టేషన్లు ఐదు ఉన్నాయి. మనం ఎన్నో ఏళ్ళుగా హౌరా బండిగానే ఎరిగిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ 2022 నుంచి షాలిమార్‌కే పరిమితమయింది. ఆ సంగతి టిక్కెట్టు మీద అచ్చయి ఉన్నా చదవకుండా, బండి ఆగిపోయాక కూడా మేము హౌరా కోసం కూర్చునే ఉన్నాము. చివరికి పెట్టె ఊడ్చడానికి వచ్చిన మనిషి చెబితే దిగాము. అత్తగారు ఇప్పటికీ ఇంటికి ఎవరు వచ్చినా “మా కోడలు మమ్మల్ని హౌరా అని చెప్పి ఇంకెక్కడో దింపింది” అనే చెబుతారు. కాబట్టి దిగే స్టేషను పేరూ, ఎక్కే స్టేషను పేరూ రెండూ కాగితం మీద రాసి, రెండూ హౌరాయేనని నిర్ధారించుకోండి. వేరువేరు అయితే మధ్యలో టాక్సీకి కనీసం గంటన్నర కేటాయించండి.

హౌరాలో దిగిన తరువాత మొదటి పని స్నానం. ఖాయమైన టిక్కెట్టు నంబరు ఉంటే రైల్వే టిక్కెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ ద్వారా స్టేషనులోనే ఉండే గదిని (రిటైరింగ్ రూము) ముందే తీసుకోవచ్చు. పెద్దవారు ఉన్న కుటుంబం ఇక్కడ పొదుపు చేయకూడదని నా అభిప్రాయం. గది దొరకకపోతే వెయిటింగ్ హాలులో ముఖాలు కడుక్కుని, సామాను క్లోక్ రూములో అప్పగించాలి. తాళం వేయని సంచిని అక్కడ తీసుకోరు. గుడ్డ సంచులకు కూడా జిప్పు దగ్గర పట్టే చిన్న తాళాలు బరంపురంలోనే కొనుక్కుని వెళ్ళండి. పులిహోర డబ్బా మాత్రం చేతిలోనే ఉంచుకోండి.

వారంలో ఏ రోజు దిగుతున్నారన్నది ఇక మీ రోజంతటినీ నిర్ణయిస్తుంది. ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలు సోమవారం మూసి ఉంటాయి. అలీపూర్ జంతు ప్రదర్శనశాల గురువారం మూసి ఉంటుంది. ఆదివారం మెట్రో రైళ్ళు పొద్దున ఆలస్యంగా మొదలవుతాయి. గుళ్ళు ప్రతిరోజూ తెరిచి ఉన్నా మధ్యాహ్నం కొన్ని గంటలు తలుపులు వేస్తారు. అందుకే పొద్దున గుడి, మధ్యాహ్నం తరువాత మ్యూజియం అనే క్రమాన్ని తలకిందులు చేయకండి. దుర్గాపూజ రోజులలో ఈ మజిలీ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. ఆ వైభవం చూడవలసిందే కానీ, రాత్రి బండి పట్టుకోవలసిన కుటుంబం చూడవలసింది కాదు.

కలకత్తాలోని రెండు పేరున్న కాళీ ఆలయాలలో కాళీఘాటా, దక్షిణేశ్వరమా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. కాళీఘాట్ శక్తిపీఠం కనుక పెద్దల మనసు అటే లాగుతుంది. కానీ ఇరుకు సందులు, తోపులాట, పూజ చేయిస్తామని వెంటపడే పండాలు (గుడి పూజారులు) మోకాళ్ళ నొప్పులున్న మనిషికి కష్టం. రాణీ రాస్మణి 1855లో కట్టించిన దక్షిణేశ్వరం విశాలమైన ప్రాంగణం. ఎదురుగా గంగ, ఒడ్డున వరుసగా పన్నెండు శివాలయాలు, రామకృష్ణ పరమహంస నివసించిన గది. పైగా మెట్రో స్టేషను దగ్గర నుంచి గుడి వరకూ ఎస్కలేటర్లున్న ఆకాశవంతెన ఉంది. మా అత్తగారిని ఒప్పించడానికి ఒక మాట పనికి వచ్చింది: కాశీలో చూడబోయే గంగ నీరే కిందికి పారి ఇక్కడికి వస్తుంది, మనం ఆ తల్లికి ఎదురు వెళుతున్నాము, ముందుగా ఇక్కడ కాళ్ళు తడుపుకుని వెళదాము అన్నాను. “సరేలే” అన్నారు.

దారి ఇలా ఉంటుంది. తెర మీద ఉన్న పటంలో ఆకుపచ్చ గీతను చూడండి. హౌరా మెట్రో స్టేషను నేల నుంచి ముప్ఫై మీటర్లకు పైగా లోతున ఉంది. అక్కడ ఎక్కగానే రైలు హుగ్లీ నది (ఇక్కడ గంగకు అదే పేరు) అడుగున 520 మీటర్ల సొరంగం గుండా సాగుతుంది. ఇది 2024 మార్చిలో ప్రారంభమయింది. నది కింద ప్రయాణం ముప్పావు నిమిషమే కనుక పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. మావాడు చెప్పులు సరిచేసుకునేసరికి నది దాటిపోయింది, మళ్ళీ వెనక్కి వెళదామని పేచీ పెట్టాడు. ఎస్ప్లనేడ్‌లో దిగి, నీలిరంగు గీత మీద ఉత్తరంగా చివరి స్టేషను వరకూ వెళితే అదే దక్షిణేశ్వరం. మొదటి బండి సమయానికి వస్తే తొమ్మిది గంటలకల్లా అక్కడికి చేరవచ్చు, దర్శనమూ తీరికగా అవుతుంది.

పదకొండున్నరకు మళ్ళీ అదే గీత మీద వెనక్కి వచ్చి పార్క్ స్ట్రీట్‌లో దిగితే ఇండియన్ మ్యూజియం నడక దూరంలోనే ఉంటుంది. భోజనం ముందు, మ్యూజియం తరువాత. మాంసం తగలని మన భోజనమే కావాలనుకునేవారు ఇంకొన్ని స్టేషన్లు ముందుకు వెళ్ళి కాళీఘాట్ స్టేషనులో దిగితే, దగ్గరలోని లేక్ మార్కెట్ ప్రాంతంలో దక్షిణాది హోటళ్ళు ఉన్నాయి. అక్కడ చాలా కాలంగా తమిళ కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. అయితే రానూ పోనూ అదనంగా ముప్పావు గంట అవుతుంది. మేము ఆ పూటకు పులిహోరతోనే సరిపెట్టుకున్నాము. భాష గురించి బెంగ వద్దు. ఒడిశాలో బతికేవాళ్ళం కనుక నెమ్మదిగా ఒడియాలో మాట్లాడితే బెంగాలీవారికి చాలావరకు అర్థమవుతుంది, వారు చెప్పేది కూడా మనకు చెవికి అందుతుంది. హైదరాబాదు నుంచి వచ్చే చుట్టాలకు లేని సౌకర్యం ఇది.

1814లో మొదలైన ఆ మ్యూజియంలో అన్ని గదులూ చూడాలని ప్రయత్నించకండి. పిల్లల కోసం ఈజిప్టు మమ్మీ, పెద్దజంతువుల అస్థిపంజరాలు. మన కోసం శిల్పాల విభాగం. అమరావతి నుంచి వెళ్ళిన శిల్పాలు కొన్ని అక్కడ ఉన్నాయి. రెండు గంటలు చాలు. అత్తగారిని మెట్లు ఎక్కించకుండా కింది వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, ఒకరు తోడుండి, మిగిలినవారు పైకి వెళ్ళివచ్చాము. సోమవారం దిగినవారు ఇదే సమయాన్ని విక్టోరియా మెమోరియల్ తోటలో గడపవచ్చు. గ్యాలరీలు మూసి ఉన్నా తోటలోకి వెళ్ళనిస్తారు.

తిరుగు ప్రయాణం నాలుగున్నరకు మొదలుపెట్టండి. చలికాలంలో అక్కడ ఐదు గంటలకే చీకటి పడుతుంది, ఆ వెంటనే మెట్రోలో ఆఫీసు రద్దీ మొదలవుతుంది. ఓపిక ఉంటే టాక్సీలో బాబూఘాట్ రేవుకు వెళ్ళి, లాంచీ ఎక్కి, 1943లో తెరిచిన హౌరా వంతెనను చూస్తూ నది దాటండి. లాంచీ దిగేది స్టేషనుకు ఎదురుగానే. అయితే హుగ్లీలో ఆటుపోటులు ఉంటాయి. నీరు తగ్గినప్పుడు రేవు నుంచి లాంచీకి దిగే ఇనుప వంతెన బాగా ఏటవాలుగా ఉంటుంది. దానిని చూసి మా అత్తగారు వెనక్కి తగ్గారు, ఆమెతో మా ఆయన టాక్సీలో వంతెన మీదుగా వచ్చారు, నేనూ బాబూ లాంచీలో వచ్చాము.

స్టేషనులో ఒక్క జాగ్రత్త. దక్షిణం నుంచి వచ్చే మన బండ్లు సాధారణంగా కొత్త భవనం వైపు ఆగుతాయి, కాశీ వైపు బండ్లు ఎక్కువగా పాత భవనం నుంచి బయలుదేరుతాయి. పొద్దున సామాను ఏ భవనంలోని క్లోక్ రూములో ఇచ్చారో రసీదు వెనుక రాసుకోండి. ఇచ్చేటప్పుడే పాత భవనంలో ఇవ్వగలిగితే సాయంత్రం సంచులు మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే పని తప్పుతుంది. ఆరు గంటలకు సంచులు చేతికి వస్తే, ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద పడేలోపు రాత్రి భోజనం కట్టించుకుని, నీళ్ళ సీసాలు నింపుకోవడానికి తీరిక ఉంటుంది.