వేసిన రోడ్డు మళ్లీ ఎందుకు తవ్వుతారు? మన టౌన్‌కు వచ్చే డబ్బు కథ

నమస్తే అండి. ముందు ఈ రోడ్డు చూడండి. నల్లగొండలో మా గల్లీ ఇది. సీసీ రోడ్డు వేసి ఏడాది కూడా కాలేదు, గోడ వారగా మూరెడు వెడల్పున కోసి, పైపు వేసి, మట్టి కప్పి పోయారు. మొన్నటి వానకు ఆ మట్టి కుంగింది, పాలాయన బండి చక్రం అందులో దిగబడితే నలుగురం పట్టి లేపాం.

ఎందుకిట్లా? డబ్బు ఒక్క చోటు నుంచి రాదు కాబట్టి.

2015లో కేంద్రం అమృత్ పథకం మొదలుపెట్టింది, దేశంలో 500 పట్టణాలు. అందులో మన వైపు నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ ఉన్నాయి. ఈ డబ్బు ప్రధానంగా తాగునీటికి, మురుగు లైన్లకు, కొంత పార్కులకు. గల్లీలో సీసీ రోడ్డుకు కాదు, దానికి వేరే పద్దు వెతుక్కోవాలి. ఏ పద్దులో ముందు డబ్బు పడితే ఆ పని ముందు అవుతుంది, అందుకే పైపు కన్నా రోడ్డు ముందొస్తుంది.

2021లో అమృత్ 2.0 వచ్చింది. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊళ్లకు, అంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి వాటికి, కేంద్రం ఇచ్చేది ఖర్చులో మూడో వంతే. మిగతాది రాష్ట్రం, మున్సిపాలిటీ చూసుకోవాలి. ఆ మూడో వంతు కూడా 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది, ముందు విడత ఖర్చు లెక్క పంపితేనే తర్వాతది. లెక్క ఆలస్యమైతే పని ఆగుతుంది, తవ్విన గుంత మాత్రం మన గుమ్మం ముందే ఉంటుంది, పిల్లలు దాన్ని దాటే బడికి పోవాలి.

ఇంకోటి, 15వ ఆర్థిక సంఘం గ్రాంటు, అంటే కేంద్రం పన్నుల డబ్బు రాష్ట్రాలకు, ఊళ్లకు ఎట్లా పంచాలో చెప్పే సంఘం సిఫారసు చేసిన డబ్బు. 2021 నుంచి 2026 దాకా మన సైజు ఊళ్లకు ఇచ్చినదాంట్లో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. పైగా ఆడిట్ లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఇంటి పన్ను వసూలు పెరగాలి అని షరతు పెట్టారు. అంటే మనం కట్టే ఇంటి పన్ను ఢిల్లీ నుంచి వచ్చే డబ్బును కూడా లాక్కొస్తుంది. ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తున్నారు, వాడుకోండి.

మీ గల్లీలో కొత్త రోడ్డుకు కొలతలు తీస్తుంటే కాంట్రాక్టర్‌తో గొడవ వద్దు. మున్సిపల్ ఆఫీసులో ఇంజినీరింగ్ సెక్షన్‌కు పోయి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని ఒక్కటే అడగండి: "సార్, ఇక్కడ డ్రైనేజీ లైన్ శాంక్షన్ అయిందా? అయితే అది వేశాకే రోడ్డు వేయండి."