ఖాళీ కుండీని పారేయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే కానీ, నాకిచ్చిన టైములో సగం దానికే పోతుంది, ఏమీ అనుకోవద్దు. శరదృతువులో పూసే సైక్లమెన్ అనే దుంపజాతి పూలమొక్కలను తోటలో, కుండీల్లో ఎలా పెంచాలో చెప్పమన్నారు. చెప్తాను. ముందు ఈ బల్ల మీద ఖాళీ కుండీ ఎందుకు పెట్టానా అని వెనక వరుసలో నవ్వుకుంటున్నవాళ్లకు ఒక మాట. ఇది ఖాళీ కాదండీ. ఇందులో అరచేతి వెడల్పు దుంప ఉంది, బతికే ఉంది, వేసవి కాబట్టి నిద్రపోతోంది.

ఈ మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరాలు. అక్కడ వేసవిలో చుక్క వాన పడదు, చలికాలంలో వానలు. అందుకే దీని లెక్క మనకు తలకిందులుగా కనిపిస్తుంది. వేసవికి ఆకులన్నీ రాల్చేసి మట్టిలో దాక్కుంటుంది, ఎండలు తగ్గి మొదటి జల్లు పడగానే లేస్తుంది. మనం ఎక్కువగా పెంచే హెడెరిఫోలియం అనే సైక్లమెన్ రకమైతే ఆకు కూడా లేకుండా ముందు పువ్వే పంపిస్తుంది. గులాబీ రంగుదో తెల్లదో, రేకులు వెనక్కి విరుచుకుని బోసి మట్టిలోంచి లేచి నిలబడుతుంది. ఆ తర్వాత వెండి గీతల ఆకులు వచ్చి, చలికాలమంతా ఉండి, మళ్లీ ఎండలకు పోతాయి. నన్నడిగితే పువ్వు కన్నా ఆ ఆకులకే ఈ మొక్క పెంచాలి, ఏ రెండు మొక్కల ఆకులూ ఒక్కలా ఉండవు.

ఇక్కడ మా బావగారి సంగతి చెప్పాలి. ఆయన చాలా మంచివారు. ముందే ఎందుకు చెప్తున్నానంటే మా అక్కయ్య ఈ సభలోనే ఉంది. నేను ఊళ్లో లేనప్పుడు మొక్కలు చూసుకోమని అప్పజెప్పాను. సైక్లమెన్ ఆకులు పసుపెక్కడం చూసి పాపం దాహమేస్తోందనుకుని నీళ్లు పోశారు. ఇంకా రాలాయి, ఇంకా పోశారు. చివరికి ఏమీ కనపడకపోయేసరికి రెండు పూటలా పోశారు. నేను తిరిగొచ్చి వేలు పెడితే దుంప మెత్తగా పేస్టయిపోయింది. ఆయనేమో, ‘నీ మొక్క ముందే చచ్చిపోయిందోయ్, ఎంత ప్రయత్నించినా లేవలేదు’ అన్నారు! ఇప్పటికీ అదే మాట మీదున్నారు. ఈ మొక్కలు ఎండి చచ్చేదానికన్నా జాలికి చచ్చేదే ఎక్కువండీ, దయచేసి ఇంటికెళ్లి మీ వాళ్లకు చెప్పండి.

సరే, పెంపకం. నేల మీదైతే ఆకురాల్చే చెట్ల కింద నాటండి, వేసవిలో నీడ, చలికాలంలో వెలుతురు రెండూ దొరుకుతాయి. హెడెరిఫోలియం గట్టి చలిని, మంచును కూడా తట్టుకుంటుంది. వేసవిలో వానలు పడే చోటైతే నేల వద్దు, కుండీయే మేలు, నిద్రకాలంలో చూరు కిందకి జరిపేయొచ్చు. అప్పుడు కూడా మట్టి పూర్తిగా దుమ్ము కాకూడదు, ఎప్పుడైనా ఒకసారి కాస్త తడి చాలు. మట్టిలో నీరు నిలవకూడదు, అంతకు మించిన సూత్రం లేదు. ఆకు ఎరువు, ముతక ఇసుక, సన్న గులకరాళ్లు బాగా కలపండి. హెడెరిఫోలియం దుంప మీద మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మట్టి ఉండాలి, ఎందుకంటే దాని వేళ్లు ఎక్కువగా పైభాగం నుంచి, పక్కల నుంచే వస్తాయి. సిలిసియం, గ్రీకమ్ లాంటి మిగతా సైక్లమెన్ రకాలకి వేళ్లు కింద నుంచి వస్తాయి. కుండీ మట్టిలో తెల్లటి పురుగులు కనిపిస్తే ఊరుకోకండి, వైన్ వీవిల్ అనే పెంకుపురుగు పిల్లలు దుంపను లోపల్నుంచి తినేస్తాయి.

దుంప అనగానే గుర్తొచ్చింది, అసలు నేను వచ్చిందే దీనికోసం. సంచీల్లో పోసి అమ్మే ఎండు దుంపలు కొనకండి. ఒకాయన్ని పైవైపు ఏదండీ అని అడిగితే ‘ఎటు పెట్టినా వస్తుంది’ అన్నాడు. ఎంత ధైర్యం! బాగా ఎండిన దుంప మళ్లీ వేళ్లు పట్టడానికే నానా అవస్థ పడుతుంది, చాలావాటికి ఆ ఓపిక కూడా ఉండదు. అంతకన్నా ఘోరం, ఒకప్పుడు టర్కీ కొండల్లోంచి అడవి దుంపల్ని కుప్పలుకుప్పలుగా తవ్వి ఎగుమతి చేశారు. అందుకే పూలకొట్లలో దొరికే పెర్సికమ్ అనే రకం సంకరాలు తప్ప మిగతా సైక్లమెన్లన్నీ, అడవి మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేందుకు 1975లో అమల్లోకొచ్చిన సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో, అంటే వ్యాపారాన్ని అదుపులో ఉంచాల్సినవాటి జాబితాలో ఉన్నాయి. అన్నట్టు ఆ పెర్సికమ్ చలికాలంలో పూసేది, అంత చలికి ఆగదు, దాన్ని కొని ‘మీరు చెప్పినట్టే చేశాను, పోయింది’ అని నా మీదకి రాకండి. కొంటే కుండీలో పెరుగుతూ ఆకుతో ఉన్న మొక్కను, నర్సరీలో గింజ నుంచి పెంచిందేనా అని అడిగి మరీ కొనండి.

టైమైపోయిందని చిట్టీ వచ్చింది. రెండు నిమిషాలివ్వండి. పువ్వు వాడాక కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను మట్టి మీదకి దించుతుంది. ఆ కాయ మరుసటి వేసవికి గానీ పండదు. గింజల మీద తియ్యటి జిగురుంటుంది, చీమలు దానికోసం మోసుకెళ్లి ఎక్కడెక్కడో వదిలేస్తాయి, మీరు వెయ్యని మూలల్లో మొక్కలు లేచేది అందుకే. చీమల మందు చల్లేవాళ్లు కాస్త ఆలోచించుకోండి. ఇంట్లో పిల్లులు, కుక్కలు ఉంటే దుంపను వాటికి అందనివ్వకండి, విషం.

బయట బల్ల మీద ఈ వేసవి గింజల పొట్లాలు పెట్టాను, తలా ఒకటే తీసుకోండి. ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, జిగురు కడిగేసి, పైన సెంటీమీటరు మందాన మట్టి కప్పి చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి. వెలుతురు తగిలితే సరిగ్గా మొలవవు. నెల దాటినా ఏమీ రాకపోవచ్చు, కుండీ మాత్రం తిరగెయ్యకండి. మొదటేడు ఒకటో రెండో ఆకులు, పువ్వు రెండు మూడేళ్లకి. కుండీ మీద పేరు, తేదీ రాసిపెట్టండి, బావగార్లు ఉన్న ఇళ్లలో ‘నీళ్లు పోయరాదు’ అని కూడా.