ఈ గ్లాసు ఎవరిది? ఫిన్లాండ్ గాజును గుర్తుపట్టడం గురించి

అందరికీ నమస్కారం. హెల్సింకీ, ఎస్పో చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫిన్లాండ్ గాజు గ్లాసులు, ప్లేట్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. షాపులో కొత్తవి కొనేవాళ్ళు కొందరు, కిర్పుతోరిల్లో, అంటే పాత సామాన్లు అమ్మేచోట, వెతికి కొనేవాళ్ళు ఇంకొందరు. అక్కడ అమ్మేవాళ్ళు చీటీ మీద ఏ పేరు రాస్తే అదే నమ్మి తెచ్చుకుంటున్నాం. ఆ చీటీ కంటే ముందు గాజును చూడమని అడగడానికే ఇవాళ వచ్చాను. ఎందుకంటే తప్పు పేరు రాసినప్పుడల్లా ఆ వస్తువును నిజంగా రూపొందించిన మనిషికి అన్యాయం జరుగుతుంది.

చుట్టూ మెట్లుమెట్లుగా వలయాలున్న మందపాటి గ్లాసు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆల్టో గ్లాసు అనగానే ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ అల్వార్ ఆల్టో అనేస్తారు. కాదండీ, అది ఆయన భార్య ఐనో ఆల్టో చేసిన డిజైన్. ఆవిడ కూడా ఆర్కిటెక్టే. 1932లో కార్హులా-ఈత్తాలా గాజు కంపెనీ డిజైన్ పోటీ పెడితే ‘బోల్గెబ్లిక్’ అనే మారుపేరుతో పంపి, అచ్చు గాజు విభాగంలో రెండో బహుమతి తెచ్చుకున్నారు. 1936లో ఇటలీలో జరిగిన మిలాన్ ట్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది. అయినా ఇప్పటికీ చీటీల మీద ఉత్త ‘ఆల్టో’ అనే రాస్తారు, చదివినవాళ్ళకి అల్వారే గుర్తొస్తాడు. ఇది నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

ఇంతకీ ఆ వలయాలు ఎందుకున్నాయి? కరిగిన గాజును అచ్చులో పోసి పైనుంచి నొక్కి చేస్తే, అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత పడుతుంది, గాజులో చిన్నాచితకా లోపాలు కూడా బయటికి తెలుస్తాయి. నున్నటి గ్లాసులో అవి దాగవు, వలయాలుంటే కంటికి అంతగా ఆనవు. 1964లో నూతాయార్వి ఫ్యాక్టరీకి ఓయివా తోయిక్కా చేసిన కాస్తెహెల్మి ప్లేట్లు చూడండి, మంచు బిందువుల్లా వరసలు వరసలుగా బొట్లు ఉంటాయి కదా, అదీ ఈ అతుకు గీతను కప్పడానికి వచ్చిన ఆలోచనే. డిజైన్ ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఫ్యాక్టరీలో వాళ్ళకొచ్చిన ఇబ్బందేంటో వెతకాలి, నేనైతే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కాబట్టి గ్లాసు చేతికి రాగానే వెలుతురులో తిప్పి చూడండి. బయట డిజైనుండి లోపల నున్నగా ఉంటే, పక్కన గోటికి తగిలే గీత ఉంటే, అది నొక్కి చేసింది. పలచగా ఉండి ఎక్కడా గీత లేకపోతే, తడిపిన చెక్క అచ్చులో తిప్పుతూ ఊది చేసింది అయ్యుండొచ్చు. నూతాయార్వి డిజైనర్ కై ఫ్రాంక్ చేసిన ‘కార్తియో’ అనే గ్లాసులు 1950లలో ఊది చేసేవాళ్ళు, ఇప్పుడొచ్చేవి మెషిన్లో నొక్కినవి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పట్టుకుంటే చెయ్యే చెప్పేస్తుంది. తాపియో విర్కాలా అనే డిజైనర్ 1968లో చేసిన ‘ఉల్తిమా తూలె’ గ్లాసుల్లో కరుగుతున్న మంచుగడ్డలాంటి గరుకుదనం ఉంటుంది, దానికోసం ఆయన గ్రాఫైట్ అచ్చును స్వయంగా చెక్కాడు.

ఇక స్టిక్కర్ల సంగతి. డిజైనర్ తిమో సర్పానెవా 1956లో గీసిన ఎర్ర గుండ్రంలో తెల్లటి ‘i’ అక్షరం తర్వాత ఈత్తాలా కంపెనీ గుర్తయింది. 1988లో ఈత్తాలా, నూతాయార్వి కంపెనీలు కలిశాయి. కాస్తెహెల్మి తయారీ అదే ఏడాది ఆగి, 2010లో మళ్ళీ మొదలైంది. 1960లలో అది నూతాయార్విదే, ఈత్తాలాది కాదు, అందుకని ఈ ఎర్ర స్టిక్కరున్న కాస్తెహెల్మిని ‘1960ల నాటిది’ అని అమ్మితే డబ్బులిచ్చేముందు ఆగండి. నూతాయార్వికి స్వీడిష్‌లో నూట్‌షో అని పేరు, స్టిక్కర్ల మీద రెండూ కనిపిస్తాయి, వేరే ఫ్యాక్టరీ అనుకోకండి. స్టిక్కర్ మాత్రం ఎప్పుడైనా ఊడిపోవచ్చు, అంటించనూవచ్చు. సంతకం కోసం వెతికి కూడా లాభం తక్కువ, అడుగున చెక్కిన సంతకాలు ఎక్కువగా కళాఖండాల మీద ఉంటాయి, రోజూ నీళ్ళు తాగే గ్లాసు మీద కాదు.

కై ఫ్రాంక్‌కి వాడుక వస్తువుల మీద డిజైనర్ పేరు వేసి అమ్మడమే నచ్చేది కాదు, 1960లలో ఆ మాట బహిరంగంగానే అన్నారు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఇప్పుడు జరుగుతున్నది చూడండి. ఆయనతోపాటు 1950లలో అదే నూతాయార్విలో పనిచేసిన సారా హొపెయా కూడా ఒకదానిలో ఒకటి దొంతరగా పేర్చుకునే రంగు గ్లాసులు చేశారు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే కాలం కావడంతో ఆవిడ గ్లాసులు కూడా ఫ్రాంక్ పేరు మీద అమ్ముడుపోతున్నాయి. పేరే వద్దన్న మనిషి ఖాతాలో ఇంకొకరి పని పడుతోంది.

ఈ చిక్కు తేలాలంటే ఫ్యాక్టరీ పాత కేటలాగులే దిక్కు, వాటిలో ఒక్కో మోడల్‌కి ఒక్కో నంబరు ఉంటుంది. రీహిమాకిలో ఫిన్లాండ్ గాజు మ్యూజియం ఉంది, పాత గాజు ఫ్యాక్టరీ భవనంలోనే పెట్టారు, వీలుచేసుకుని వెళ్ళండి. అక్కడి గ్లాసు, మీ గ్లాసు ఎత్తు, అంచు, అడుగు మందం పోల్చి చూసుకున్నాక, మీరే ఎప్పుడైనా ఆన్‌లైన్లో అమ్మకానికి పెడితే, అది హొపెయాది అని తేలితే హొపెయా అనే రాయండి, ఫ్రాంక్ అని రాస్తే నాలుగు యూరోలు ఎక్కువొచ్చినా సరే.