నర్సు సమయం ఏ పద్దులో రాస్తున్నాం?

హెడ్ నర్సులకు, స్టాఫ్ నర్సులకు, నర్సింగ్ విద్యార్థినులకు నమస్కారం.

నల్లగొండలో ఆర్థికశాస్త్రం మాట్లాడాలంటే సాగర్ ఎడమ కాలువ దగ్గర మొదలుపెట్టడమే తేలిక. వారబందీలో, అంటే వంతులవారీగా, నీళ్లు వచ్చిన రోజు రైతు నిండిన మడిని వదిలి, నెర్రెలు విచ్చిన మడికి గండి కొడతాడు. తడిసిన చోట ఇంకో తడి పెట్టినా పెద్దగా కలిసొచ్చేది లేదు. ఎండుతున్న చోట అదే తడి పైరును బతికిస్తుంది. ఇంకొక్క తడితో అదనంగా కలిసొచ్చే ఈ మేలునే పుస్తకాల్లో ఉపాంత ప్రయోజనం అంటారు. మనమేమో డ్యూటీ రోస్టర్‌లో వార్డుకు ఇద్దరేసి చొప్పున వేసి, సమానంగా పంచామని తృప్తి పడతాం. ఏ వార్డులో లేవలేని రోగులు ఎక్కువున్నారో చూడం.

నేను స్టాఫ్ నర్సుగా ఉన్నప్పటి ఒక రాత్రి చెబుతాను. వార్డులో 28 మంది రోగులు, నేనొక్కదాన్నే. గ్లౌజులు అయిపోయాయి. స్టోరు కింది అంతస్తులో, సరుకు కోరే చీటీ, అంటే ఇండెంటు మీద సంతకం పెట్టాల్సినవారు ఇంకో భవనంలో. పెట్టె పట్టుకుని తిరిగొచ్చేసరికి 40 నిమిషాలు. ఈలోగా 11వ పడకలోని పెద్దమ్మ సెలైన్ ఖాళీ అయి, గొట్టంలోకి రక్తం ఎక్కి గడ్డకట్టింది. ఎముకల గూడులాంటి ఆ చేతికి కాన్యులా మళ్లీ వేయడానికి మూడుసార్లు గుచ్చాను. ఆమె కళ్లు మూసుకుని, "కానియ్యి బిడ్డా" అంది.

స్టోరు పుస్తకంలో ఒక గ్లౌజుల పెట్టె ఖర్చు పడింది. ఆ 40 నిమిషాలు ఎక్కడా పడలేదు. ఒక పని చేస్తూ వదులుకున్న మరో పని విలువే అవకాశ వ్యయం. ఆ రాత్రి దాన్ని చెల్లించింది పెద్దమ్మ.

ఖాళీ పోస్టును పొదుపుగా చూపించేవారితో నేను ఏనాడూ ఏకీభవించలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో శస్త్రచికిత్స రోగులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. నర్సుకు ఒక్కో రోగి పెరిగినకొద్దీ, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఆ అంకెను తెచ్చి మన వార్డులకు అతికించలేం. కానీ నర్సుల కొరతకు ఎవరో ఒకరు ధర కడుతూనే ఉంటారన్నది అక్కడికీ ఇక్కడికీ ఒకటే.

అందుకే ఒక్క పని అడుగుతున్నాను. వచ్చే వారం రోజులు డ్యూటీ మారేటప్పుడు రాసే హ్యాండోవర్ పుస్తకం చివరి పేజీలో మూడు గడులు గీయండి. నర్సు వార్డు విడిచి ఎందుకు వెళ్లింది, ఎన్ని నిమిషాలు పట్టింది, ఆ సమయంలో ఆగిపోయిన పని ఏమిటి? ఈ మూడే రాయండి. సూపరింటెండెంట్ గారి దగ్గరికి పోస్టులు అడగడానికి వెళ్లేటప్పుడు ఆ పేజీ చేతిలో ఉండాలి.