ఎంటర్ నొక్కితే కిందికి కాదు, పక్క గడిలోకి వెళ్లాలి

అందరికీ నమస్కారం. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు కొట్లలో బిల్లు కొట్టే గుమస్తాలను గమనించండి. కళ్లు తూకం చీటీ మీద, కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీద. రకం, బరువు, రేటు... ఒక్కొక్కటీ కొట్టడం, ఎంటర్ నొక్కడం. ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రామ్‌లో ఏళ్ల తరబడి అలవాటు పడ్డ చెయ్యి అది. మనం జావాలో కొత్త బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చి, "ఇందులో ట్యాబ్ నొక్కాలండీ" అంటే ఎలా? నంబర్ ప్యాడ్‌లో అసలు ట్యాబ్ ఉండదు కదా! జీడిపిక్కలు దిగే సీజన్‌లో ఆ మనిషికి ఒక్కో గడికీ చెయ్యి అటూ ఇటూ తిప్పే తీరిక ఉండదు. మారాల్సింది ప్రోగ్రామే.

జావాలో తెరలు గీసే లైబ్రరీ స్వింగ్. అందులో గడుల పట్టిక జేటేబుల్. దానికి ఎంటర్ అంటే కింది వరుస, ట్యాబ్ అంటే పక్క గడి. దీన్ని మార్చడానికి చాలామంది ముందు కీలిజనర్, అంటే కీ నొక్కగానే నడిచే కోడ్, పెడతారు. పెట్టకండి. లిజనర్ ముందు నడుస్తుంది, పక్క గడికి తీసుకెళ్తుంది. మీరు కన్‌జ్యూమ్, అంటే ఈ కీ పని అయిపోయింది అని చెప్పకపోతే, ఆ వెంటనే టేబుల్ సొంత ఎంటర్ కూడా పనిచేసి ఒక వరుస కిందికి దింపుతుంది. కర్సర్ ఐమూలగా దూకుతుంది! పైగా గడిలో టైపు చేయడానికి తెరుచుకునే ఎడిటర్ పెట్టెలో ఫోకస్ ఉంటే టేబుల్‌కి పెట్టిన లిజనర్‌కి ఆ కీ సంగతే తెలియదు.

అసలు దారి రెండు పట్టికలు. ఇన్‌పుట్‌మ్యాప్‌లో కీకి ఎదురుగా ఒక పేరు ఉంటుంది, యాక్షన్‌మ్యాప్‌లో ఆ పేరుకి ఎదురుగా పని ఉంటుంది. టేబుల్‌లో ఎంటర్‌కి ఉన్న పేరు సెలెక్ట్‌నెక్స్ట్‌రోసెల్, ట్యాబ్‌కి ఉన్నది సెలెక్ట్‌నెక్స్ట్‌కాలమ్‌సెల్. వెన్ యాన్సెస్టర్ ఆఫ్ ఫోకస్డ్ కాంపోనెంట్ అనే ఇన్‌పుట్‌మ్యాప్ (ఫోకస్ టేబుల్‌లో ఉన్నా, లోపలి ఎడిటర్‌లో ఉన్నా పనిచేసేది) తీసుకుని, ఎంటర్ పక్కన ఆ రెండో పేరు రాస్తే చాలు. ఒక్క లైను. నంబర్ ప్యాడ్ ఎంటర్‌కి వేరే లైను అక్కర్లేదు, జావాకు రెండూ ఒకటే కీ.

ఏదైనా కీని పూర్తిగా ఆపాలంటే రిమూవ్ పనిచేయదు. ఆ అమరిక మీ మ్యాప్‌లో లేదు, దాని వెనక ఉండే పేరెంట్ మ్యాప్‌లో ఉంది. అందుకే ఆ కీ పక్కన, ఏమీ లేదు అనే అర్థంలో, "నన్" (none) అనే పేరు పెట్టాలి.

ఇక్కడితో అయిపోలేదు, నాకు భయమేసే చోటు ఇదే. ఆఖరి వరుసలో ఆఖరి గడి దగ్గర ఎంటర్ నొక్కితే కర్సర్ తిరిగి మొదటి వరుస మొదటి గడికి వెళ్లిపోతుంది. గుమస్తా చీటీ చూస్తూ కొడుతున్నాడు, స్క్రీన్ చూడటం లేదు. తర్వాతి సరుకు వివరాలు మొదటి సరుకు మీద పడిపోతాయి, బిల్లు మొత్తం తప్పు. కాబట్టి యాక్షన్‌మ్యాప్ నుంచి పక్క గడికి తీసుకెళ్లే పాత యాక్షన్‌ను (సెలెక్ట్‌నెక్స్ట్‌కాలమ్‌సెల్) పట్టుకుని, దాని చుట్టూ మీ సొంత యాక్షన్ రాసి కొత్త పేరు పెట్టండి, ఎంటర్‌ని ఆ పేరుకి కట్టండి. అందులో, గడి ఎడిట్‌లో ఉంటే, ముందు దాన్ని ముగించే స్టాప్‌సెల్ఎడిటింగ్ పిలవండి. ఫాల్స్ వస్తే రాసింది చెల్లదని అర్థం, అక్కడే ఆగండి. ఆఖరి గడి అయితే కొత్త వరుస చేర్చండి. ఆ తర్వాతే పాత యాక్షన్‌ను నడపండి. షిఫ్ట్ ఎంటర్‌ని వెనక గడికి కట్టడం మరవకండి. తప్పు దిద్దుకోవడానికి వెనక్కి వెళ్లాలిగా.

జావా కాక సీషార్ప్‌లో రాస్తూ, డేటాగ్రిడ్‌వ్యూ అనే పట్టిక వాడేవాళ్లు రెండు మెథడ్లు ఓవర్‌రైడ్ చేయాలి, అంటే తమ కోడ్‌తో తిరగరాయాలి: గడి ఎడిట్‌లో ఉన్నప్పటికి ప్రాసెస్‌డైలాగ్‌కీ, లేనప్పటికి ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీ. ఒకటే రాస్తే సగం సార్లే పనిచేస్తుంది.

ట్యాబ్, ఎస్కేప్, ఎఫ్2, కంట్రోల్ సి మాత్రం ముట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. చూపు లేనివాళ్లు, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ట్యాబ్ మీద బాగా ఆధారపడతారు. ఎంటర్‌ని మార్చడానికి మనకు గుమస్తా చెయ్యి అనే కారణం ఉంది, వీటికి ఏ కారణమూ లేదు.

పరీక్షించేటప్పుడు గడిలో నేరుగా అంకె కొట్టి ఒకసారి, ఎఫ్2 నొక్కి ఎడిట్‌లోకి వెళ్లి ఇంకోసారి, ఆఖరి గడిలో మరోసారి ఎంటర్ నొక్కి చూడండి. వీలైతే మౌస్ తీసి పక్కన పెట్టి, ఆ గుమస్తా చేతనే ఒక పూర్తి బిల్లు కొట్టించండి.