మలక్‌పేట్ రేసుల్లో ఛాంపియన్ ట్రైనర్ టైటిల్: పట్టిక చెప్పేది ఎంత, దాచేది ఎంత?

మలక్‌పేట్ గుర్రప్పందేల్లో పెద్ద రేసు డెక్కన్ డర్బీ. అది గెలిచిన ట్రైనర్ పేరు పక్కన, సీజన్ గెలుపుల పట్టికలో ఒక్క అంకె పెరుగుతుంది. అదే రోజు మొదటి రేసులో, అన్నిటికంటే కింది కేటగిరీలో, ఎవరూ పేరు గుర్తుపెట్టుకోని గుర్రంతో గెలిచిన ట్రైనర్‌కి కూడా సరిగ్గా ఒక్క అంకే పెరుగుతుంది. సీజన్ చివర్లో ఎవరి దగ్గర ఎక్కువ అంకెలుంటే ఆయనే ఛాంపియన్ ట్రైనర్.

అందరికీ నమస్కారం. ఇవాళ రివ్యూ చేస్తున్నది ఈ టైటిల్‌నే. సినిమాకి రివ్యూ ఉంది, బిర్యానీకి ఉంది, బైక్‌కి ఉంది. మన హైదరాబాద్‌లో నూటయాభై ఏళ్ళ కిందట మొదలైన ఒక ఆట ఉంది, అందులో ఏటా ఒక పెద్ద పోటీ జరుగుతుంది, దాని గురించి తెలుగులో కూర్చుని మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. మాట్లాడినా ఏ గుర్రం మీద పెట్టాలి అనే దగ్గరే ఆగిపోతారు. ఈ వీడియోలో టిప్స్ ఉండవు. ముందే చెప్తున్నా, టిప్స్ కోసం వచ్చినవాళ్ళు వెళ్ళిపోవచ్చు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఇక్కడ రేసులు 1868లో మౌలాలీ వైపు మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేట్‌కి వచ్చాయి. అప్పుడు ఊరి బయట. ఇప్పుడు మెట్రో దిగి నడుచుకుంటూ వెళ్ళొచ్చు. ఏడాదికి రెండు సీజన్లు: జులై ప్రాంతంలో మొదలయ్యే వానాకాలం సీజన్, నవంబర్ ప్రాంతంలో మొదలయ్యే చలికాలం సీజన్. డెక్కన్ డర్బీ వానాకాలంలో వస్తుంది, చాలా ఏళ్ళుగా అక్టోబర్ 2కి దానికి ముడి. ప్రెసిడెంట్ ఆఫ్ ఇండియా గోల్డ్ కప్, నిజామ్స్ గోల్డ్ కప్ కూడా ఈ మైదానంవే. చలికాలంలో గోల్కొండ డర్బీ, గోల్కొండ ఓక్స్ లాంటివి. ఛాంపియన్ ట్రైనర్, ఛాంపియన్ జాకీ లెక్కలు మాత్రం ఏ సీజన్‌వి ఆ సీజన్‌వే.

అసలు ట్రైనర్ ఏం చేస్తాడు? బయటివాళ్ళకి జాకీ కనిపిస్తాడు. రంగుల చొక్కా వేసుకుని, రేసు అయ్యాక ఫొటోలో ఉంటాడు. అతను గుర్రం మీద ఉండేది ఒకటీ ఒకటిన్నర నిమిషం, దూరం ఎక్కువైతే రెండూ రెండున్నర నిమిషాలు. మిగతా కాలమంతా ఆ గుర్రం ట్రైనర్ చేతిలో ఉంటుంది. తెల్లారకముందే లైట్ల వెలుగులో గుర్రాలు ట్రాక్ మీదకి వస్తాయి. ట్రైనర్ చేతిలో స్టాప్‌వాచ్. 600 మీటర్లు నలభై సెకన్లలో వచ్చిందా, నలభై అయిదా? తేలిగ్గా వచ్చిందా, జాకీ తోలితే వచ్చిందా? ఈ టైములన్నీ రేస్ బుక్‌లో అచ్చవుతాయి, జనం చదువుతారు. టైము కింద ఉండే సంగతి మాత్రం రేస్ బుక్‌లో దొరకదు. పని చేసి వచ్చాక గుర్రాన్ని చూసుకునే సైసు దాని ముందు కాళ్ళ మీద చెయ్యి పెట్టి తడుముతాడు. మోకాలి కింద వెనకవైపు నరం (టెండన్) దగ్గర కాస్త వేడి తగిలితే చాలు, ఆ గుర్రానికి ఆ వారం పని ఆపేయాలి. ఒక్కోసారి సీజనే ఆపేయాలి. ఆ వేడిని ఇవాళ పట్టించుకోకపోతే పదిహేను రోజుల తర్వాత ట్రాక్ మీద కుంటుతుంది. నన్నడిగితే ట్రైనర్ పనిలో సగం అదే: పరుగెత్తించకుండా ఉండగలగడం.

మేత సంగతి కూడా అంతే. ఓట్స్, బార్లీ, తవుడు, లూసర్న్ గడ్డి, క్యారెట్, ఇవి అందరూ పెట్టేవే. తొట్టిలో ఎంత మిగిల్చింది అని పొద్దున్నే చూసేవాడు ట్రైనర్. ముందు రోజు గట్టిగా పని చేసిన గుర్రం మేత వదిలేసిందంటే దాని ఒళ్ళు అలిసిందని అర్థం. మంచి సైసు ఆ మాట అడక్కముందే చెప్తాడు. నాల్‌బంద్ నాడా కొట్టేటప్పుడు మేకు ఒక్క వెంట్రుకవాసి లోపలికి పోయినా ఆ గుర్రం రేసు రోజుకి నిలబడదు. పట్టికలో కనిపించే ఒక్క అంకె వెనక ఇంతమంది చేతులున్నాయి. వీళ్ళలో చాలామంది పేర్లు ఎక్కడా అచ్చు కావు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టైటిల్ ఎలా గెలుస్తారు?

మన దగ్గర లెక్క గెలిచిన రేసుల సంఖ్య. ఇంగ్లండ్‌లో ట్రైనర్ల ఛాంపియన్‌షిప్ ప్రైజ్ మనీని బట్టి ఇస్తారు. అక్కడ ఒక డర్బీ గెలిస్తే చిన్న రేసులు ఎన్నో గెలిచినంత బరువు పడుతుంది. హాంకాంగ్‌లో మనలాగే గెలుపుల సంఖ్యే, కానీ అక్కడ ఒక ట్రైనర్ ఇన్ని గుర్రాలకి మించి ఉంచుకోకూడదని క్లబ్బే పరిమితి పెట్టింది. రెండు పద్ధతుల్లోనూ ఒక న్యాయం ఉంది. గెలుపులే లెక్క అన్నప్పుడు మాత్రం ఎన్ని గుర్రాలు చేతిలో ఉన్నాయన్నది మొత్తం ఆటని మార్చేస్తుంది.

ఉదాహరణకి ఊహించిన లెక్క ఒకటి స్క్రీన్ మీద వేస్తున్నా. ఒక ట్రైనర్ దగ్గర 60 గుర్రాలు. సీజన్‌లో ఒక్కోటి ఐదుసార్లు పరుగెత్తింది, మొత్తం 300 పరుగులు. అందులో 30 గెలుపులు. ఇంకో ట్రైనర్ దగ్గర 15 గుర్రాలు, ఒక్కోటి నాలుగుసార్లు, మొత్తం 60 పరుగులు. 12 గెలుపులు. టైటిల్ మొదటి ఆయనకే. రెండో ఆయన పేరు పట్టికలో కింద ఎక్కడో ఉంటుంది. కానీ మొదటి ఆయన పదిసార్లు దించితే ఒకసారి గెలిచాడు, రెండో ఆయన ఐదుసార్లు దించితే ఒకసారి గెలిచాడు. మీ దగ్గర ఒక గుర్రం ఉంటే ఎవరికిస్తారు?

దీని అర్థం పెద్ద స్టేబుల్ (గుర్రాల శాల) వాళ్ళు తేరగా గెలుస్తున్నారని కాదు, దయచేసి అలా తీసుకోకండి. అరవై గుర్రాలకి అరవై రకాల స్వభావాలు. ఒకటి రేసు మొదలయ్యే గేట్ల దగ్గర బెదురుతుంది, ఒకటి గుంపులో పరుగెత్తదు, ఒకదానికి పక్కలు కనిపించకుండా కళ్ళకి బ్లింకర్స్ కడితే గానీ ముందుకి చూడదు. వాటన్నిటికీ ఓనర్లు, ఆ ఓనర్ల ఫోన్లు. ఎల్.వి.ఆర్. దేశ్‌ముఖ్ లాంటి ట్రైనర్ ఇదే హైదరాబాద్‌లో సీజన్ వెనక సీజన్ పట్టిక పైన నిలబడ్డారంటే అది ఊరికే వచ్చే పేరు కాదు. పెద్ద స్టేబుల్‌ని నడపడం ఒక విద్య. ఒక్క గుర్రాన్ని నిలబెట్టడం ఇంకో విద్య. మన టైటిల్ మొదటి విద్యనే కొలుస్తోంది, రెండోదాన్ని కొలవడం లేదు. నా అభ్యంతరం అంతవరకే.

టైటిల్ రేసులో నాకు బాగా నచ్చే భాగం చివరి నెల. ముందున్న ఇద్దరి మధ్య రెండు మూడు గెలుపుల తేడా ఉందనుకోండి, అప్పుడు ఏ రేసుకి ఏ గుర్రం పేరు ఇచ్చారో చెప్పే ఎంట్రీల పేజీ చూడండి, కథంతా అక్కడే నడుస్తుంది. ఏ గుర్రాన్ని ఏ దూరంలో దించుతున్నారు? 1200 మీటర్లలో చివరి వంద మీటర్లు బాగా వస్తూ నాలుగో స్థానంలో ఆగిపోతున్న గుర్రాన్ని 1400కి తీసుకెళ్ళారా? హ్యాండీక్యాప్ రేసుల్లో గుర్రం రేటింగ్‌ని, అంటే దాని సత్తాకి ఇచ్చే అంకెని బట్టి, అది మొయ్యాల్సిన బరువు పడుతుంది. గెలిచిన ప్రతిసారీ రేటింగ్ పెరుగుతుంది, దాంతోపాటు బరువూ పెరుగుతుంది. అందుకే చేయి తిరిగిన ట్రైనర్ బరువు తగ్గించడానికి అప్రెంటిస్ జాకీని ఎక్కిస్తాడు. కొత్త జాకీకి నియమం ప్రకారం కొన్ని కిలోలు మినహాయింపు వస్తుంది. కుర్రాడి అనుభవం తక్కువ, గుర్రం మీద బరువూ తక్కువ. ఏది ఎక్కువ పనికొస్తుందో తేల్చుకోవడం ఆ రోజు ట్రైనర్ బుర్రకి పరీక్ష. ఎంట్రీలు ఎక్కువైతే ఒకే రేసుని రెండు డివిజన్లు చేస్తారు, అప్పుడు ఒకే స్టేబుల్ రెండిట్లోనూ గెలిచి ఒక్క మధ్యాహ్నంలో రెండు అంకెలు ఎక్కించుకోవచ్చు. వాన పడి ట్రాక్ మెత్తబడితే ఈ లెక్కలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. మెత్తటి నేల మీద ఈదినట్టు పరుగెత్తే గుర్రాలు కొన్ని ఉంటాయి, వాటిని గుర్తుపెట్టుకుని వాన కోసం దాచిపెట్టే ట్రైనర్లూ ఉంటారు. వాళ్ళంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

అదే చివరి నెలలో నాకు నచ్చనిది కూడా ఉంది. టైటిల్ కోసం అలిసిన గుర్రాన్ని ఇంకోసారి దించాలనే ఆశ. పది రోజుల క్రితం గట్టి రేసు పరుగెత్తిన గుర్రం మళ్ళీ కనిపిస్తే నేను ముందు దాని పొట్ట వైపు చూస్తా. పక్కటెముకలు మరీ తేలి, తొడల దగ్గర కండ లోపలికి పోయి ఉంటే అది విశ్రాంతి అడుగుతున్న గుర్రం. గెలుపుల సంఖ్యకి మాత్రమే కిరీటం పెడితే ఈ ఆశకి మనమే దారి ఇచ్చినట్టు.

పట్టిక దాచే ఇంకో సంగతి చెప్తా, ఇది చాలామంది గమనించరు. హైదరాబాద్ ట్రైనర్ తన మంచి గుర్రాన్ని బెంగళూరుకో ముంబైకో పెద్ద రేసు కోసం తీసుకెళ్ళి గెలిచాడనుకోండి. ఆ గెలుపు మలక్‌పేట్ పట్టికలోకి రాదు. ఆ గుర్రం ప్రయాణానికీ, అక్కడి నేల అలవాటు పడడానికీ పోయిన వారాల్లో ఇక్కడ రెండు చిన్న రేసులు గెలిచి ఉండేది కూడా. అంటే పెద్ద కల కన్న ట్రైనర్‌కి ఇంటి దగ్గర నష్టం. ఇదే తిరగేసి చూడండి. డెక్కన్ డర్బీకి బెంగళూరు, పుణె, ముంబై స్టేబుళ్ళు తమ మంచి మూడేళ్ళ గుర్రాలని దించుతాయి. పుణె, ముంబైల నుంచి పెసీ ష్రాఫ్ లాంటి ట్రైనర్ పేరు రేస్ కార్డ్ మీద కనిపిస్తే స్టాండ్స్‌లో మాటల తీరే మారిపోతుంది. అలాంటి రోజు మన ఊరి ట్రైనర్ ఇంటి గుర్రంతో నిలబడి గెలిస్తే, ఆ గెలుపుని కింది కేటగిరీ గెలుపు పక్కన పెట్టి రెండూ ఒకటే అనడానికి నాకు మనసొప్పదు.

అందుకే నా తీర్పు ఇక్కడే చెప్పేస్తా. పోటీగా చూస్తే ఈ టైటిల్‌కి ఐదుకి నాలుగు. ఉత్కంఠ ఉంది, తెలివి ఉంది, ప్రతి ఎంట్రీ వెనక ఆలోచన ఉంది. ట్రైనింగ్‌కి కొలబద్దగా చూస్తే రెండున్నర. గెలుపుల పక్కనే ఎన్ని పరుగులకి ఎన్ని గెలుపులు అన్న శాతాన్ని అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. ఇరవై గుర్రాల లోపు ఉన్న స్టేబుళ్ళకి విడిగా ఒక బహుమతి పెట్టాలి. ఖర్చు పెద్దగా ఉండదు, కానీ ఒక చిన్న ట్రైనర్‌కి కొత్త ఓనర్ దొరుకుతాడు.

ఈ చివరి మాట మీద ఒక్క నిమిషం ఆగుతా, ఎందుకంటే చిన్న స్టేబుళ్ళ పరిస్థితి మీద నాకు నిజంగా దిగులుగా ఉంది. గెలిచే ట్రైనర్ దగ్గరికి ఓనర్లు వెళ్తారు. ఓనర్లు వెళ్ళిన చోటికి మంచి రెండేళ్ళ గుర్రప్పిల్లలు వెళ్తాయి. ఆ పిల్లలతో ఆ ట్రైనర్ మళ్ళీ గెలుస్తాడు. ఈ చక్రం ఎప్పటినుంచో ఉన్నదే. దాని మీద పన్ను వచ్చి పడింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పందెం మీద 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. రేసులు నడిపే క్లబ్బులో టికెట్ కొని పందెం కట్టేవాడు తగ్గితే క్లబ్బు ఆదాయం తగ్గుతుంది. ఆ ఆదాయం తగ్గితే బహుమతి సొమ్ము మీద పడుతుంది. బహుమతి సొమ్ము తగ్గితే గుర్రం మేతకి, డాక్టర్‌కి, సైసు జీతానికి నెలనెలా డబ్బు కట్టే ఓనర్ వెనక్కి తగ్గుతాడు. ముందు మూతపడేది పదిహేను గుర్రాల స్టేబులే. పట్టిక పైన ఉన్నవాళ్ళు ఎలాగో తట్టుకుంటారు. పందేలు మంచివా చెడ్డవా అన్న వాదన వేరు, ఇళ్ళు గుల్లైనవాళ్ళు మన చుట్టూ ఉన్నారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేలు నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని తీర్పిచ్చింది. ఆ నైపుణ్యంలో పెద్ద వాటా తెల్లవారుజామున స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే మనిషిదే.

కాబట్టి ఈసారి రేసులకి వెళ్తే ఒక్క పని చెయ్యండి. జేబులోంచి ఒక్క రూపాయి తియ్యకపోయినా పర్వాలేదు. ప్రతి రేసుకీ ముందు పాడక్ దగ్గరికి వెళ్ళండి, గుర్రాలని నడిపిస్తూ ఉంటారు. మెరుస్తున్న ఒళ్ళు, నెమ్మదైన నడక, చెవులు ముందుకి పెట్టి చుట్టూ చూసే గుర్రం ఎవరి స్టేబుల్‌దో కార్డులో రాసుకోండి. మెడ కింద నురగ చెమట పట్టి, సైసుని లాక్కుపోతున్న గుర్రం ఎవరిదో అదీ రాసుకోండి. గెలుపోటములు పక్కన పెట్టి, సీజన్ మొత్తం ఇలా రాయండి. తర్వాత మీ జాబితాని క్లబ్బు పట్టికతో పోల్చండి. మీ జాబితాలో పైన ఉండి పట్టికలో కింద ఉన్న ట్రైనర్ ఎవరో కామెంట్‌లో చెప్పండి. ఆ పేర్లలోంచి ఎక్కువమంది చెప్పిన స్టేబుల్‌ని చలికాలం సీజన్ మొత్తం ఫాలో అయి, వాళ్ళ ప్రతి పరుగునీ లెక్క కట్టి వీడియో చేస్తా.