నీలి రాళ్ల మీద నాన్న కుర్చీ: ఓల్డ్ శాన్ హువాన్‌పై చర్చ

మోడరేటర్: నమస్కారం. అమెరికాలోని మనవాళ్లు అమ్మానాన్నలను క్రూజ్‌లో తీసుకెళ్లే ఊరు, కరీబియన్ దీవి ప్యూర్టోరికోలోని ఓల్డ్ శాన్ హువాన్. అక్కడి వీధుల్లో పరిచిన నీలి రాళ్ల మీద వీల్‌చెయిర్ కదలక ఓ కుటుంబం సగంలోనే వెనక్కొచ్చిన వీడియో మీద ఇప్పుడు వాట్సాప్‌లో గొడవ. ఆ కూతురు మనతో ఉన్నారు. ఏమ్మా, 500 ఏళ్ల నాటి రాళ్లు పీకెయ్యాలా?

కూతురు: పీకమనలేదండీ. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి కదా, రాళ్ల సందులో ఇరుక్కున్నాయి. కుర్చీ ముందుకు తూలింది. నాన్న భయంతో నా చున్నీ పట్టుకుని...

ఆర్కిటెక్ట్: ఒక్క నిమిషం. ఊరు 1521 నాటిది, రాళ్లు కాదు. అవి ఇనుప చిట్టెంతో పోసిన దిమ్మెలు. ఆ నీలి రంగే ఊరికి అందం!

కూతురు: వాన పడితే అవి జారతాయి కూడా...

ఆర్కిటెక్ట్: నన్ను చెప్పనివ్వండి. అక్కడి ఎల్ మోరో కోట, ఊరి రక్షణ గోడలు 1983 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. కోట ఆరు అంతస్తులు. శత్రువు ఎక్కలేకుండా కట్టినదాన్ని ఇప్పుడు తొలిచేస్తారా?

మోడరేటర్: అంటే రాళ్లు ముట్టుకోకూడదంటారు?

ట్రావెల్ ఏజెంట్: కోట దాకా ఎండలో పచ్చిక మధ్య చాలా దూరం నడవాలి. ఆ సంగతి మేం టికెట్ ముందే చెప్పాలి సార్. మాలో చాలామంది చెప్పరు.

మోడరేటర్: పేరెంట్స్‌కి వేరే వీసా కావాలా?

ట్రావెల్ ఏజెంట్: అమెరికా భూభాగమే, అక్కర్లేదు. ఓడ వేరే దేశం దీవులకీ వెళ్తే మాత్రం వీసా మల్టిపుల్ ఎంట్రీదా, అంటే మళ్లీ అమెరికాలోకి రానిస్తుందా అని చూసుకోవాలి.

కూతురు: వీసా కాదండీ విషయం! 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం అక్కడా వర్తిస్తుంది.

ఆర్కిటెక్ట్: చారిత్రక కట్టడాలకు అందులోనే సడలింపు ఉందమ్మా!

కూతురు: సడలింపంటే వదిలెయ్యమని కాదు, ఇంకో దారి చూపమని. వీధికి ఒక పక్క మూడడుగుల నున్నటి బాట వేస్తే చాలు. మిగతా రాళ్లు అలాగే ఉంటాయి.

ఆర్కిటెక్ట్: ఇవాళ మూడడుగులంటారు, రేపు వీధంతా! మళ్లీ చెబుతున్నా, అందం పోతే ఎవరూ రారు.

కూతురు: నాన్న వచ్చారు కదండీ. కోట చూడాలని టోపీ కూడా కొనుక్కున్నారు. ఓడ మెట్ల దగ్గర దాన్ని ఒళ్లో పెట్టుకుని...

మోడరేటర్: టైమ్ అయిపోయింది. సార్, చివరి మాట మీదే. రాళ్లు తియ్యాలా, వద్దా?

ఆర్కిటెక్ట్: వద్దు. ఒక్క రాయి కూడా.

కూతురు: తియ్యమని నేను అనలేదండీ...

మోడరేటర్: బ్రేక్ తర్వాత కలుద్దాం.